కాలీఫ్లవర్ నారు

గన్నవరం నుంచి విజయవాడ వచ్చే బస్సులో ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నారు. ఆయన ఒళ్ళో తడిగుడ్డలో చుట్టిన కాలీఫ్లవర్ నారు ఉంది. ఏటా దసరా వెళ్ళిన పదో రోజున ఆ నారు నాటే మనిషిని కనుక చెప్పకుండా ఉండలేకపోయాను.

“మొవ్వు మట్టిలో కూరుకుపోకుండా నాటండి. కుళ్ళిపోతుంది.”

“తెలుసండీ. అయినా రెండు మొక్కలు అలాగే పూడుస్తాను,” అన్నారు. “డాబా మీద తోట మా ఆవిడది. మోకాలి ఆపరేషనయ్యాక మెట్లంటే భయం పట్టుకుంది. డాక్టరుగారు ఎక్కమన్నా ఎక్కదు, కుర్చీలోనే ఉండిపోతోంది. నేను ఎలా నాటానో చెబితే, తిట్టడానికైనా పైకొస్తుందని.”

నా తోటలో ఒక్క మొక్క వరస తప్పినా పీకి మళ్ళీ నాటుతాను. ఆవిడా అలాంటి మనిషే అనిపించింది.

దిగేముందు ఆయనతో అన్నాను: “రెండైతే ఆవిడ కింద నుంచే తిడతారండీ. వరసంతా పూడ్చండి.”