అడిగి కట్టిన పన్ను

జూలై ముసురుకు నా బల్ల సొరుగు ఉబ్బి ఓ పట్టాన రాదు. గట్టిగా లాగితే ముందుగా లక్క వాసన వస్తుంది. పెన్నుల కింద, పాత రశీదుల పక్కన, బొటనవేలంత ఎర్ర లక్క ముక్క ముప్పై ఏళ్లుగా నాతోనే ఉంది. మొన్న నా చేత పన్ను రిటర్ను వేయించుకోవడానికి విడాకులైన ఒక తల్లి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తన కూతురి పేరు మీదున్న డిపాజిట్ వడ్డీ గురించి, "వాళ్ల నాయిన తన దాంట్ల చూపిస్త అంటుండు మేడమ్, సరేననాల్నా?" అని అడిగింది. నేను సొరుగు లాగాను.

మా అమ్మ చేతులకు ఎప్పుడూ ఆ వాసనే. ఆమె సూరత్‌లో పోస్టాఫీసు పార్సెళ్ల కిటికీ దగ్గర పనిచేసేది; కొవ్వొత్తి మంట మీద లక్క కరిగించి, గుడ్డ చుట్టిన పార్సెల్ ముడి మీద చుక్క వేసి, అది ఆరకముందే ఇత్తడి ముద్ర నొక్కేది. ఆ ఊళ్లోని నవాగామ్ పేటలో మా గది పక్కనే మరమగ్గాలు. వాటి దడదడకు గ్లాసులో నీళ్లు కూడా సన్నగా వణికేవి. చలికాలం సాయంత్రాలు ఆమె పోంక్ పొట్లం తెచ్చేది. నిప్పుల మీద కాల్చిన లేత జొన్న గింజలవి, నిమ్మకాయ వాసన వేసే కారప్పూస కలిపి తింటుంటే పళ్ల కింద పాలు చిమ్మేవి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మా బాపూ విడిపోయారు. వారమంతా అమ్మ దగ్గర, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా అదే ఊళ్లోని ఉధ్నాలో బాపు దగ్గర ఉండాలని కోర్టులో రాసుకున్నారు. బాపు గూడ్సు బండి గార్డు. ఆయన క్వార్టర్‌లో డీజిలూ, నానమ్మ కాల్చే సర్వపిండీ కలిసిన వాసన ఉండేది. పిండి మధ్యలో నానమ్మ వేలితో పొడిచే చిల్లులు ఎప్పుడూ తొమ్మిదే. మెట్లు, గాలిపటాల తోకలు, పట్టాల మీద పోయే డబ్బాలు, కనబడిందల్లా లెక్కపెట్టే పిల్లను నేను. బాపు ఇంట్లో పడుకున్న ప్రతి రాత్రికీ క్యాలెండర్ గడిలో పెన్సిల్‌తో ఒక అడ్డగీత పెట్టేదాన్ని. ఎవరూ పెట్టమనలేదు.

"పన్నెండేండ్లు నిండినంక పిల్ల మన ఇంట్లనే ఉండాలె" అని నానమ్మ పొయ్యి దగ్గర తరచూ అనేది. బాపు అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు.

నాకు పదకొండో ఏడు నడుస్తున్నప్పుడు, జూలై ఆఖరి ఆదివారం, బాపు నన్ను వెంటబెట్టుకొని వకీల్ సాబ్ గదికి వెళ్లాడు. ఆ చుట్టుపక్కల తెలుగు ఉద్యోగులందరి పన్ను కాగితాలూ రాసే ఓరుగల్లు మనిషాయన. నన్ను తీసుకుపోవడానికి అమ్మ అక్కడికే వచ్చి, కారుతున్న గొడుగుతో గడపలో నిలబడింది. తాత చనిపోయే ముందు నా పేర వేసిన డిపాజిట్‌కు వడ్డీ వచ్చింది. విడిపోయిన తల్లిదండ్రుల్లో పిల్లను సాకేవాళ్ల ఆదాయంలోనే దాన్ని కలపాలని వకీల్ సాబ్ చెప్పాడు.

"సాకేది నేనే గద సాబ్. నా దాంట్ల రాయుండ్రి" అన్నాడు బాపు.

"నా దాంట్ల రాయుండ్రి సార్" అంది అమ్మ గడపలోంచే.

వకీల్ సాబ్ నవ్వాడు. "నీ జీతం పన్ను గీత కిందనే ఉంది చెల్లె. గిది కలిస్తే దాటుతవ్. ఆయన మీదేసుకుంటుండు, నీకేం పాయె?"

"ఆయన సాకుతుండని కాయితం మీద పడ్తది. గదే పాయె. రేపు పిల్లనియ్యమని కోర్టుకొస్తే గదే సూపెడ్తరు."

"సగం నీ దగ్గర, సగం నా దగ్గర. ఎవల దాంట్ల రాస్తేంది?" అన్నాడు బాపు.

"సగం కాదు బాపు, డెబ్బై ఒక్క రాత్రులు" అన్నాను.

ఎండకాలం సెలవుల సంగతేమిటని బాపు అడిగాడు. "సెలవులల్ల పదకొండే. అవి గూడ కలిపిన. మిగిలినయన్ని నీకు డ్యూటీ" అన్నాను. వకీల్ సాబ్ కళ్లద్దాల మీంచి చూస్తూ, "పన్ను ఏడు ఏప్రిల్ నుంచి మార్చి దాకా బిడ్డా. నీ క్యాలెండర్ జనవరిది" అన్నాడు.

"నాకెర్కే. రెండు క్యాలెండర్లు సూసే చెప్పిన. పోయినేడు గీ బెంచీ మీదనే ఎవలకో మీరే చెప్పిండ్రు గద."

పన్ను తప్పించమని వచ్చేవాళ్లను మాత్రమే ఎరిగిన ఆ మనిషి, పన్ను వేయమని నిలబడిన అమ్మ కోసం కొత్త ఫారం తీశాడు. బయటికి రాగానే బాపు కాల్చిన మక్క కంకి కొనిచ్చి, "లెక్కల పంతులమ్మా, గిండ్ల గింజలెన్నే?" అన్నాడు. "తిని చెప్త" అన్నాను. మరుసటి ఏడు ఆయన లెక్క తొంభై ఆరు రాత్రులైంది. ఆ సంగతీ రాసి తీరాలి.

అమ్మ పన్ను కట్టిన చలానా నకలును, ఏడు నిండాక నా రెండు క్యాలెండర్లను కవరులో పెట్టి, అంటించిన చోట లక్క ముద్ర వేసింది. నాకు పన్నెండు నిండాక నానమ్మ అన్నంత పనీ చేసి, బాపును వెంటబెట్టుకొని మా గదికి వచ్చింది. అమ్మ ఆ కవరు తెచ్చి చాప మీద పెట్టింది. బాపు ముద్ర వంక చూశాడు; లోపల ఏ లెక్క ఉందో ఆయనకు తెలుసు. కవరును మెల్లగా అమ్మ వైపు జరిపి, "పిల్ల ఈడ్నే ఉంటది, లే అవ్వా" అన్నాడు.

ఇప్పుడు పార్సెళ్లకు గుడ్డా లేదు, లక్కా లేదు. వకీల్ సాబ్ గది ఉన్నచోట ఫోన్లు బాగుచేస్తున్నారు. కాగితం ఫారాలు పోయాయి; కంప్యూటర్ తెర ఏదీ అడగకుండానే సగం గడులు తానే నింపుకుంటుంది. అమ్మ పోయి ఆరేళ్లు. నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదని అంటుంటాను గానీ, అడగాల్సింది ఏమిటో ఆ గడపలో నిలబడి ఆమె నేర్పింది. సగం సగం అని ఎవరు చెప్పినా నేను నమ్మను. లెక్కపెట్టమంటాను.

"నీ దగ్గర ఎన్ని రాత్రులుంటది పిల్ల?" అని ఎదురుగా ఉన్న తల్లిని అడిగాను.

ఆమె తడుముకోలేదు. "మూడు వందలకు పైనే మేడమ్."

"అయితే నీ దాంట్లనే. పన్ను పెరుగుతది మరి."

"పెరగనీ" అంది, కుర్చీ ముందుకు లాక్కుంటూ.