కెమెరా ఉడికిపోయిన పెళ్లి

మొన్న కలకత్తా న్యూ టౌన్‌లో మా దూరపు బంధువుల పెళ్లికి వెళ్లాను. సరిగ్గా తలంబ్రాల వేళకి వీడియో తీస్తున్నతని కెమెరా తెర మీద ఎర్రగా థర్మామీటరు బొమ్మ ఒకటి వెలిగి, మరుక్షణంలో కెమెరా దానంతటది ఆరిపోయింది. అతను కనుబొమ్మ కూడా కదపలేదు. సంచిలోంచి ఇంకో కెమెరా తీసి, ఆగినచోట అందుకున్నాడు. పక్కనున్న వాళ్లకి ఏదో జరిగిందన్న సంగతే తెలియలేదు. అంత చల్లటి ఏసీ హాల్లో కూర్చున్న నాకు మాత్రం వీపంతా చెమట పట్టింది. ఆ ఎర్రబొమ్మని చూసి ఇంకా హడలిపోయేవాణ్ణి ఆ హాలు మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మా వాళ్లు శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి రేవు పనికి వచ్చి గార్డెన్ రీచ్‌లో కుదురుకున్నవాళ్లు. నాన్న రేవులో మూటలు మోశాడు, నేను ఆ బరువు మోయలేక ఖిదిర్‌పూర్ బజారులో ఒక బెంగాలీ దాదా స్టూడియోలో చేరి, ఫిలిం కడగడం దగ్గర్నుంచి నేర్చుకుని, కొన్నాళ్లకి సొంతంగా మా తెలుగువాళ్ల పెళ్లిళ్లకి ఫోటోలూ వీడియోలూ తీయడం మొదలుపెట్టాను. మూట తప్పించుకున్నానని సంబరపడ్డానే గానీ, ఆ రోజుల్లో భుజం మీద పెట్టుకునే వీడియో కెమెరా మూటకేమీ తీసిపోదు. కాకపోతే దాన్ని పొద్దున్నే ఆన్ చేస్తే అప్పగింతల దాకా ఒక్కసారి కూడా మొరాయించేది కాదు. ఆ తర్వాత లోపల అద్దం లేని కెమెరాలు, అవే మిర్రర్‌లెస్ అంటారే, అవి వచ్చాయి. అరచేతిలో ఇమిడిపోతుంది, బొమ్మ చూస్తే కళ్లు చెదిరిపోతాయి. పిట్ట కొంచెం కూత ఘనం అని మురిసిపోయి, పాతదాన్ని అమ్మేసి దీన్ని కొన్నాను. వెనక్కి వెళ్లే దారి అక్కడితో మూసుకుపోయింది.

దాని గుణమేమిటో మొదటి ఎండాకాలంలోనే తెలిసొచ్చింది. చిన్న డొక్క, నాలుగువైపులా బిగించేసి ఉంటుంది, లోపల పుట్టిన వేడికి బయటికి పోయే దారుండదు. ఫోటోలు తీసినంతసేపూ బుద్ధిగానే ఉంటుంది, వీడియో మొదలుపెట్టి ఆపకుండా తీస్తే మాత్రం ఒళ్లు కాలిపోయి, ముందు ఎర్రబొమ్మ చూపించి తర్వాత కళ్లు మూసేస్తుంది. జ్యేష్ఠ మాసపు కలకత్తాలో, ఆ నది పక్క ఉక్కలో, మనుషులకే ఊపిరాడదు, ఇక దాని సంగతి చెప్పాలా. నేనూ కొన్ని కిటుకులు పట్టాను. వెనకున్న తెరని బయటికి లాగి ఉంచితే కాస్త గాలి తగులుతుంది, నీడలో ఉంచాలి, అన్నిటికన్నా ముఖ్యం, అవసరం లేనప్పుడల్లా ఆపేస్తూ ఉండాలి. అలా దానితో ఎలాగో కాపరం చేసుకొస్తున్నాను. ఇంతలో మా అమ్మాయి పెళ్లి కుదిరింది.

ఇక్కడ మా అప్ప గురించి చెప్పాలి. మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తాం. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. నా భార్యది కార్పొరేషన్లో పని, తెల్లారకుండానే డ్యూటీకి వెళ్లిపోయేది, నేనేమో పెళ్లిళ్ల వెంట తిరిగేవాణ్ణి. దాంతో మా అమ్మాయికి నీళ్లు పోసినా, జడ వేసినా, జ్వరం వస్తే పక్కన కూర్చున్నా అన్నీ అప్పే. అలాంటి మనిషి, ముహూర్తం వేళకి మాత్రం కంటపడకూడదు. భర్త పోయిన ఆడవాళ్లు సూత్రధారణ అయ్యేదాకా మేడ మీద గదిలో కూర్చోవాలన్నది మా లైన్లలో, అంటే మా రేవు కూలీల ఇళ్ల వరసల్లో, ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ, దాన్ని అందరికన్నా గట్టిగా పట్టుకున్నది కూడా మా అప్పే. అత్త కిందికి రాకపోతే నేను పీటలెక్కనని మా అమ్మాయి రెండు రోజులు అన్నం మానేసింది. అప్ప దాన్ని చివాట్లు పెట్టి, తన నీడ పడి దాని కాపరానికి ఏమైనా అయితే తాను బతకలేనని ఏడ్చి, చివరికి దాని నోరు మూయించింది.

మధ్యేమార్గం నాకే తట్టింది. కెమెరాని స్టాండు మీద మండపానికి ఎదురుగా పెట్టి, దాన్నుంచి తీగ కిటికీ గుండా పైకి లాగి గదిలో టీవీకి కలిపాను. అప్ప పైనుంచి కదలకుండానే తన చేతుల్లో పెరిగిన పిల్ల పెళ్లి కళ్లారా చూస్తుంది. మా అమ్మాయి కూడా సరేనంది. అయితే అప్ప చూస్తూ ఉండాలంటే కెమెరా ఆగకూడదు, ఆగకుండా నడిస్తే అది ఉడికిపోతుంది. ఆ సంగతి తెలిసీ, చల్లటి పూట ముహూర్తమే కదా, లాగేస్తుందిలే అనుకున్నాను. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు దాన్ని నమ్ముకుని, దగ్గరుండి చూసుకోమని మా బావమరిదికి అప్పగించి పీటల మీద కూర్చున్నాను.

పీటల మీద కూర్చోవడమంటే ఏమిటో కన్యాదానం చేసినవాళ్లకే తెలుస్తుంది. చేతికి కంకణం, ఒంటి మీది కండువాకి పక్కనున్న భార్య కొంగుతో ముడి, ఎదురుగా అల్లుడి పాదాలు, చుట్టూ జనం. లేవకూడదు, పలకకూడదు, పురోహితుడు చెప్పినవి తప్ప ఇంకే మాటా రాకూడదు. దీపం కొండెక్కుతుందని ఆయన ఫ్యాన్లన్నీ ఆపించేశాడు. వరుడి తరపు వాళ్లు ఆలస్యంగా దిగారు, దాంతో ముందు జరగాల్సినవన్నీ సాగి సాగి చల్లటి పూట కాస్తా దాటిపోయింది. మేడని ఆనుకుని వేసిన రేకుల కప్పు కింద ఆ హాలు ఇడ్లీ పాత్రలా ఆవిర్లు కక్కుతోంది. కెమెరా తెరని నా వైపు తిప్పి పెట్టుకున్నాను, వేడికీ మంచిది, నాకూ కనపడుతుందని. కాళ్లు కడుగుతూ తలెత్తి చూసేసరికి ఎర్రబొమ్మ వెలుగుతోంది.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అప్పుడు నాకు బోధపడింది. ఆ కెమెరా ఎలా చల్లారుతుందో తెలిసినవాణ్ణి ఆ హాల్లో నేనొక్కణ్ణే, కదలడానికి వీల్లేనివాణ్ణీ నేనే. కళ్లతో సైగ చేశాను, గడ్డంతో చూపించాను, నా భార్య ఏమయిందన్నట్టు నా వైపు చూసింది. చివరికి మా బావమరిదికి అర్థమైంది గానీ, అప్పటికే తెర నల్లబడిపోయింది. పైన అప్ప ఎదుట టీవీ కూడా నల్లబడి ఉంటుంది. ఇక కాసేపట్లో వధూవరుల మధ్య తెరసెల్ల దించుతారు, జీలకర్రా బెల్లం పెడతారు. ఆ పిల్ల పెళ్లి ఆమె చూడదు, అంతే. మంత్రాలు చెబుతున్నానన్న మాటే గానీ నా మనసంతా ఆ గదిలోనే ఉంది.

మా బావమరిదిది ఖిదిర్‌పూర్ చేపల బజారులో వ్యాపారం. ఎండకి పాడయ్యే వస్తువేదైనా వాడికి తెలిసిన మందు ఒక్కటే. మర్నాటి విందుకని పెరట్లో పెట్టిన ఇలిష్ చేపల, అదే మన పులసల, పెట్టెలోంచి ఇంత ఐసు ప్లాస్టిక్ సంచిలో పోసి తెచ్చి, నేను గుడ్లురుముతున్నా చూడకుండా కెమెరా నెత్తిన ఆనించి పట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, అది చల్లబడి మళ్లీ వెలిగింది. హమ్మయ్య అనుకున్నానో లేదో, ఆ ఉక్కలో చల్లబడ్డ అద్దానికి ఆవిరి పట్టి బొమ్మంతా తెల్లగా పాలు పోసినట్టయిపోయింది. వాడు కండువాతో తుడుస్తాడు, అది మళ్లీ పడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎవరి పెళ్లిలోనూ తప్పని పనివాణ్ణి, నా కూతురి పెళ్లి దగ్గర నిస్సహాయంగా కూర్చుని ఆ తెల్లతెరని చూస్తున్నాను.

అప్పుడు మేడమెట్ల వైపు తలుపు తెరుచుకుంది. అప్ప ముతక నేతచీరలో, చేతిలో తాటాకు విసనకర్రతో దిగి వచ్చింది. వరుడి తరపు పెద్దాయన ఒకాయన కుర్చీలోంచి సగం లేచాడు. అప్ప మండపం వైపు చూడలేదు, ఎవరి మొహమూ చూడలేదు. నేరుగా స్టాండు దగ్గరికి వెళ్లి, మా బావమరిది చేతిలో ఐసు సంచి లాగి అవతల పెట్టి, కెమెరాకి విసరడం మొదలుపెట్టింది.

"యంత్రం ఉడికిపోనాది. ఇసిరితే సల్లారతాది. మీరు కానీండి, నాను దీని కాడే ఉంతాను" అంది.

పెళ్లి చూడటానికి వచ్చానంటే నలుగురూ నాలుగు మాటలు అనేవారేమో, యంత్రానికి విసరడానికి వచ్చిన మనిషిని ఏమని పొమ్మంటారు? లేచిన పెద్దాయన మెల్లగా కూర్చున్నాడు. పురోహితుడు గడియారం చూసుకుని, ముహూర్తం దాటిపోతోందని చెప్పి మంత్రం అందుకున్నాడు. తెరసెల్ల దిగింది. జీలకర్రా బెల్లం తల మీద పెడుతున్నప్పుడు మా అమ్మాయి చూడాల్సింది వరుణ్ణి, కానీ అది వరుడి భుజం మీదుగా అత్తని చూసి, నవ్వూ ఏడుపూ కలిసిపోయిన మొహంతో తలొంచింది. అప్ప చెయ్యి అలా ఊగుతూనే ఉంది. సూత్రధారణ అయింది, తలంబ్రాలయ్యాయి, ఆమె విసురుతూనే ఉంది. నాకు కళ్లు మసకేసి కెమెరా వెలుగుతోందో లేదో కూడా కనిపించలేదు.

తీరా సాయంత్రం చూసుకుంటే, విసనకర్ర గాలికి అద్దం మీది ఆవిరి తగ్గిందిగానీ, జీలకర్రా బెల్లానికి ముందే కెమెరా మళ్లీ వేడెక్కి పూర్తిగా ఆగిపోయింది. మా అమ్మాయి మెడలో పుస్తె పడ్డ ఘట్టం వీడియోలో లేదు. ఊరందరి పెళ్లిళ్లూ తీసినవాడి ఇంట్లో కూతురి సూత్రధారణ లేకపోవడం ఎంత నామర్దా! మర్నాడు అప్ప దగ్గర ఆ బాధ వెళ్లబోసుకుంటూ, ఆగిపోయిన కెమెరాకి పాపం అంతసేపు చెయ్యి నొప్పెట్టేలా విసిరావే, ఆగిందని నీకు తెలియలేదు కదా అన్నాను.

అప్ప బియ్యం ఏరుతూ తలెత్తకుండా చెప్పింది. "తెల్దేటిరా. దాని దీపం ఆరిపోనాదని సూసేను. ఇసరడం ఆపితే మల్లీ మేడెక్కమందురు."

తన నీడ పడకూడదని ఏడ్చిన మనిషే, ఆ తెల్లటి టీవీ ముందు కూర్చుని ఏమనుకుందో, ఎంతసేపు ఆ విసనకర్ర పట్టుకుని మెట్ల మీద తటపటాయించిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. నేనూ పక్కన కూర్చుని కాసేపు ఏరాను.

మా అమ్మాయి కాపరానికి ఏ అరిష్టమూ రాలేదు. అది చూశాకనో ఏమో, మా లైన్లలో తర్వాత జరిగిన పెళ్లిళ్లలో అలాంటి ఆడవాళ్లు ఒకరొకరుగా కిందికి దిగడం మొదలుపెట్టారు. మొదట్లో ఏదో పని మీద వచ్చినట్టు నీళ్లగ్లాసో పూలబుట్టో పట్టుకుని వచ్చేవారు, పోనుపోనూ ఊరికే వచ్చి కూర్చుంటున్నారు. ఏ సంఘమూ తీర్మానం చెయ్యలేదు, ఏ పెద్దమనిషీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఇప్పటి పిల్లలకి మేడ మీద గది సంగతి చెబితే నేను కథలు అల్లుతున్నానని నవ్వుతారు. నవ్వనీ, వాళ్లు నవ్వగలుగుతున్నారంటే నాకు సంతోషమే.

అప్ప మాత్రం, ఉన్నన్నాళ్లూ, పిలిచిన ప్రతి పెళ్లికీ వచ్చింది గానీ ఏ పెళ్లిలోనూ కూర్చోలేదు. కుర్చీ లాగి కూర్చోమంటే ఇదిగో వస్తున్నానంటూ ఎవరి చంటిపిల్లనో ఎత్తుకునేది, లేకపోతే ఎవరికో ఒకరికి విసురుతూ నిలబడేది. ఏ పనీ లేకుండా, ఊరికే చూడటానికి, అక్కడ కూర్చునే హక్కు తనకుందని ఆమెకి నమ్మకం కుదరనే లేదు. ఆ నమ్మకం కుదిరేలా గట్టిగా చెప్పేవాళ్లు ఇవాళ ఇంటికి నలుగురున్నారు, వినడానికి మా అప్ప లేదు.