రెండుసార్లు పోయిన అమ్మమ్మ

మేం వలసొచ్చి స్థిరపడ్డ మాసన్ లేక్స్‌లో మా ఇంటి మీదుగా మిలిటరీ రవాణా విమానం కిందుగా వెళ్ళినప్పుడల్లా నా టీ కప్పు సాసరులో గలగలలాడుతుంది. ఈ ఉదయం కూడా అలాగే ఆడింది. ఆ చప్పుడు వింటే నాకు బెవ్ గుర్తుకొస్తుంది. నేను సూపర్‌వైజరుగా పనిచేసిన వైరింగ్ ఫ్యాక్టరీకి ఆవిడ మేనేజరు. పొట్టి మనిషి, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, ఎదుటివాడు మాట పూర్తి చేసేదాకా రెప్ప వేయని చూపు. సైనికుల కుటుంబాలకు జీతంతో కూడిన సెలవు మా ఫ్యాక్టరీలో నా పోరాటం వల్లే వచ్చిందని మన తెలుగువాళ్ళ పిక్నిక్కుల్లో చాలాసార్లు చెప్పాను. ఒకసారైతే బల్ల గుద్ది వాదించానని కూడా చెప్పాను. బల్ల గుద్దిన మాట నిజమే. గుద్దింది మాత్రం సెలవు ఇవ్వకూడదని.

ఆ సెలవు తెచ్చింది బెవ్. కొడుకో భర్తో విధుల మీద బయలుదేరే ముందు ఇంట్లోవాళ్ళకు ఐదు రోజులు. ఫారం నింపితే చాలు. మొదటగా నా దగ్గరికి ఫారం తెచ్చింది పద్మ. మా సెక్షన్లో పదేళ్ళుగా ఉన్న గుంటూరు అమ్మాయి.

"మా అబ్బాయి వెళ్తున్నాడు అంకుల్. రేపట్నుంచి ఐదు రోజులు ఇంట్లో ఉంటాడు."

"ఎక్కడికమ్మా వెళ్ళేది?"

"చెప్పకూడదంట."

"ఏ తేదీన?"

"అదీ చెప్పకూడదంట అంకుల్."

అనుమానంతో నాకు ముక్కు దురద పెట్టింది. మన పిల్లలు డాక్టర్లవుతారు, ఐటీలోకి పోతారు, మరీ చెడిపోతే రియల్ ఎస్టేట్‌లోకి దిగుతారు. ఇక్కడి ఆర్మీలో చేరిన తెలుగు కుర్రాణ్ణి నేను అప్పటిదాకా కనీ వినీ ఎరుగను. పైగా నా జ్ఞాపకశక్తి పాడుగాను, బాగా పనిచేస్తుంది. "ఉగాది ఫంక్షన్‌లో మీవాడు మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీలో ఉన్నాడన్నావు. సెకండ్ ఇయర్ అని కూడా అన్నావు," అన్నాను. పద్మ తల దించుకుంది. "అక్కడ ఆంటీలందరూ ఉన్నారు కదా అంకుల్," అంది చిన్నగా. దొంగ దొరికిందనుకున్నాను. వాళ్ళ యూనిట్ నుంచి ఉత్తరం తెమ్మని, ఫారాన్ని నా ట్రేలో అడుగున పెట్టాను. రూల్లో ఉత్తరం ఊసే లేదు. ఆ ముక్క నేను కలిపాను.

మర్నాడు పద్మ పనికి వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఎర్ర తీగకు బదులు నల్ల తీగ బిగించింది. ఎన్నడూ లేనిది ఇలా తడబడుతోందంటే మనసులో తప్పు ఉండబట్టేనని నా అనుమానం మరింత బలపడింది. మూడోరోజు పొద్దున్నే బెవ్ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"వాళ్ళబ్బాయి ఇంట్లో ఉంటే ఈమె ఇక్కడెందుకుంది?"

"విచారణ జరుగుతోంది," అన్నాను హుందాగా.

"ఎవరు చేస్తున్నారు?"

"నేనే."

ఉగాది కథంతా విప్పి చెప్పి, బల్ల కూడా గుద్దాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీవాళ్ళు ఏమనుకుంటారోనని వాళ్ళకు అబద్ధం చెప్పింది. నీకు నిజం చెప్పింది. నువ్వు దాన్ని తలకిందులుగా పట్టుకున్నావు, మేట్," అంది. నేను నోరు తెరవబోయేలోగా, "అన్నట్టు మీ అమ్మమ్మ ఎలా ఉంది?" అని అడిగింది.

"పోయారు కదా."

"తెలుసు. రెండుసార్లూ సెలవు ఫారం మీద సంతకం పెట్టింది నేనే."

మా అమ్మమ్మ నేను పదో తరగతిలో ఉండగానే పోయింది. ఇక్కడికొచ్చిన కొత్తలో ఆవిణ్ణి ఒకసారి టెస్ట్ మ్యాచ్ కోసం, ఇంకోసారి స్నేహితుడి గృహప్రవేశం కోసం మళ్ళీ చంపాను. రెండుసార్లూ బెవ్ ఏమీ అడగలేదు. సంతాపం కార్డు రాసిచ్చింది.

నేను ట్రే అడుగునుంచి ఫారం తీసి సంతకం పెట్టాను. పద్మ ఏప్రాన్ కూడా విప్పకుండా పార్కింగులోకి పరుగెత్తింది. ఐదు రోజుల్లో రెండు అప్పటికే పోయాయి. ఆ సాయంత్రం ఇంట్లో వెతికి రెండో కార్డు తీశాను. "పాపం, ఈసారైనా ఆవిడకు శాంతి దొరకాలి" అని ఉంది. ఇన్నేళ్ళూ అది మర్యాదకు రాసిన మాటే అనుకున్నాను.

ఎనిమిది నెలలకు పద్మ కొడుకు తిరిగొచ్చాడు. వాడితో గడపడానికి పద్మ పెట్టిన సెలవు ఫారం మీద నేను నిలబడే సంతకం పెట్టాను. "డేట్ అడగరా అంకుల్?" అంది పద్మ. నవ్వుతూనే అంది, కానీ కళ్ళు నవ్వలేదు. ఆ రెండు రోజులు ఆమె మరిచిపోలేదు. మరవమని నేనూ అడగలేదు.

బెవ్ పోయి రెండేళ్ళయింది. నా బుద్ధి పూర్తిగా మారిందని రాస్తే మీరు నమ్మకండి. కూరగాయల కొట్టువాడి తక్కెడను ఇప్పటికీ వంగి చూస్తాను. ఈ ఉదయం విమానం వెళ్ళాక కప్పు చప్పుడు ఆగీ ఆగకముందే మనవరాలు వచ్చి, "తాతా, మై టమ్మీ హర్ట్స్," అంది. ఈరోజు దానికి లెక్కల పరీక్ష ఉందని నాకు తెలుసు. నోటిదాకా వచ్చిన ప్రశ్నను టీతోపాటు మింగేసి, "పడుకోమ్మా," అన్నాను.