మధ్యాహ్నం నిద్రపోయే వంతెన

చియాయీ ఊళ్ళో కొండదారి బస్సులకు డ్రైవర్ల వంతులు వేసే సూ-జూకి నలభై ఏడేళ్ళు. ఆఫీసులో గుమాస్తా, మిగతా వేళల్లో వంతెన. మాటవరసకి అనడం లేదు. నాలుగేళ్ళుగా ఆవిడ మీదుగా నడిచిన మాటల్ని వరసగా పేరిస్తే తైవాన్ దీవిని మూడు చుట్లు చుట్టి, మిగిలిన దానితో బొంత కుట్టుకోవచ్చు.

సంగతేమిటంటే, పల్లె బస్సు ఎన్నింటికి వస్తుందో స్టాపులో బోర్డు మీద చూపించే సాఫ్ట్‌వేరు ఒకటుంది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఓపికున్నవాళ్ళు రాస్తారు. అలా రాసేవాళ్ళు పాతికమంది. బస్సు వేళల మీద వాళ్ళకెన్నడూ తగువు లేదు. తగువల్లా ఎక్కడ కూర్చుని మాట్లాడుకోవాలన్న దాని మీదే. పెద్దవాళ్ళు మెయిలింగ్ లిస్టు, అంటే అందరికీ ఒకేసారి చేరే ఈమెయిళ్ళు, వదలరు. అక్కడ ఒక ప్రశ్నకి జవాబొచ్చేలోపు లిచీ మొక్క నాటి పళ్ళు తినొచ్చు. కుర్రాళ్ళు చాట్ యాప్ వదలరు. అక్కడ ప్రశ్న అడిగి తుమ్మేలోపు మూడొందల జవాబులు, అందులో రెండొందలు పిల్లి బొమ్మలు. ఈ రెండిటికీ మధ్య కొందరు ఫోరమని ఓ చర్చల వెబ్‌సైటు కట్టుకుని, రండి రండి అంటూ గుమ్మంలో నిలబడ్డారు. ఎవరూ తొంగి చూడలేదు.

నాలుగేళ్ళ కిందటి వార్షిక సమావేశంలో ఈ రచ్చ ఐదు గంటలు సాగింది. టీ చల్లారింది, సూ-జూకి నడుం పట్టేసింది. ఇంటికి పోతే చాలనిపించి, "ఎవరెక్కడున్నారో అక్కడే ఉండండి. ఇటు మాట అటు చేరేలా నేను వంతెన వేస్తా," అనేసింది. వేసింది కూడా. చిన్న ప్రోగ్రాం. పదకొండు రోజులు బాగానే నడిచి, చాట్ యాప్‌లో ఏదో మారగానే చతికిలబడింది. రేపు బాగుచేద్దాం, ఈ పూటకి ఎవరికీ చెప్పకుండా చేత్తో కానిచ్చేద్దాం అనుకుంది.

ఆ పూట నాలుగేళ్ళు సాగింది.

పొద్దున పళ్ళు తోముకుంటూ లిస్టులోది చాట్‌లోకి. బస్సెక్కి చాట్‌లోది ఫోరంలోకి. రాత్రి టర్కీ కోడి మాంసం వేసిన అన్నం ఓ చేత్తో తింటూ రెండో చేత్తో ఫోరంలోది లిస్టులోకి. పైగా ఉన్నదున్నట్టు మోస్తే ఊరుకుంటారా? రిటైరైన రైల్వే సిగ్నల్ ఉద్యోగి కో చెంగ్-నాన్ "ఈ బుర్రలేని పిల్లకాయలు" అని రాస్తే, అవతలి ఒడ్డుకి "మన యువ మిత్రులు" అని చేరేది. పింగ్‌తుంగ్ ఊరి కుర్రాడు పాన్ యూ-షియాంగ్ "ఆ రైలు శిలాజం" అంటే "అనుభవజ్ఞులైన కో మాస్టారు" అయ్యేది. అలా నాలుగేళ్ళలో ఆ పాతికమందికీ ఒకరంటే ఒకరికి గౌరవం పుట్టుకొచ్చింది.

ఆవిడకి మిగిలిందల్లా మధ్యాహ్నం పన్నెండున్నర. ఆఫీసులో దీపాలార్పి అందరూ బల్ల మీద తల వాల్చే ఆ అరగంట. ఈ వసంతంలో దానికీ ముప్పొచ్చింది. పాన్ ఒక లోపం నమోదు చేశాడు. "వంతెన రోజూ పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా ఆగిపోతోంది. కారణం తెలియదు. అత్యవసరం." ఆ ఫిర్యాదు కింద పద్నాలుగు మంది "మాకూ అంతే" అని రాశారు. వాటినీ మూడుచోట్లకీ ఆవిడే మోసింది. మర్నాటి నుంచి కోటు కింద ఫోను దాచుకుని, చీకట్లో మాటలు అతికించడం మొదలుపెట్టింది. అయినా మధ్యమధ్యలో కునుకు పట్టేసేది, వంతెన ఆగేది.

ఈ ఏటి సమావేశం చియాయీలోనే పెట్టారు. మూడో అంశం: అందరికీ కలిపి ఒక్క చోటు ఎంచుకోవడం. సూ-జూ ప్రాణమంతా దాని మీదే ఉంది. చోటు ఏదైనా సరే, ఒక్కటైతే ఆవిడకి నిద్ర.

కో మాస్టారు లేచాడు. "శుభ్రమైన వంతెన ఉండగా ఇల్లు మారడం దేనికర్రా? అవతలి పిల్లలెంత మర్యాదగా రాస్తారో!"

"నేనూ మాస్టారి పక్షమే," అన్నాడు పాన్.

నాలుగేళ్ళలో మొదటిసారి అందరూ ఏకమయ్యారు.

"ఒక్కటే అక్కా," పాన్ ఆవిడ వైపు తిరిగాడు. "మన దగ్గర కోడ్ దాచిపెట్టిన సరుకు నీ వంతెనొక్కటే. పరువు పోతోంది. తెరిచేయ్. ఆ మధ్యాహ్నం జబ్బేదో నేనే కుదురుస్తా."

"తెరిచే ఉంది నాయనా. నీ ఎదురుగా కూర్చుంది."

నవ్వారు. ఆవిడ నవ్వలేదు. వాచిన బొటనవేలికి చుట్టిన పట్టీ విప్పి చూపించింది. "దానికి తిండి పెట్టాలి, నిద్ర పుచ్చాలి. పోయినేడు జ్వరమొచ్చింది, అప్పుడూ నడిచింది. మీరంటున్న ఆ మధ్యాహ్నం జబ్బు పేరు నిద్ర."

కో మాస్టారు ఆవిడ దగ్గరికొచ్చాడు. "అమ్మాయ్, నేను ఈ కుర్రాళ్ళ గురించి రాసినవీ..."

"చేరాయి మాస్టారూ. కాస్త స్నానం చేయించి పంపాను."

"నావో?" పాన్ మొహం ఎర్రబడింది.

"నీవి రెండుసార్లు తోమాల్సొచ్చింది."

మాస్టారు పాన్‌ని ఎగాదిగా చూశాడు. "ఏమన్నావురా నన్ను?"

"రైలు శిలాజం."

"నేను నిన్ను బుర్రలేని పిల్లకాయ అన్నాను. నీదే బావుంది." ఆయన కూలబడి, ఫోరం మనిషి కేసి చూశాడు. "అక్కడ రాసింది నాకు మెయిల్లో వస్తుందా? అక్షరాలు పెద్దవవుతాయా?"

"నాలుగేళ్ళుగా అదే చెబుతున్నాం!" ఏడుపొక్కటే తక్కువ అతనికి.

"నా ఫోన్ మోగుతుందా?" అన్నాడు పాన్.

"మోగుతుంది బాబూ, మోగుతుంది."

చేతులు లేచాయి. ఫోరమే. ఇద్దరు మాత్రం ఎత్తలేదు, వాళ్ళు నిద్రపోతున్నారు. సూ-జూ వాళ్ళని అసూయగా చూసింది.

సోమవారం పన్నెండున్నరకి దీపాలారాయి. తల వాల్చింది గానీ నిద్ర రాదే! కోటు కింద ఫోను తెరిచింది. ఫోరంలో కో మాస్టారు: "బుర్రలేని పిల్లకాయా, ఆదివారం బస్సుని శనివారమే పంపేస్తున్నావు." కింద పాన్: "శిలాజం గారూ, కళ్ళజోడు తుడుచుకోండి." స్నానం లేదు, పాడూ లేదు. మురికోడుతున్న మాటలు. ఆవిడ పట్టీ వేలు దానంతటదే తెర మీదికి పాకింది. ఎవరి రాతనైనా సవరించేందుకు ఫోరం వాళ్ళు ఆవిడకిచ్చిన మీట అక్కడే ఉంది.

ఫోను బోర్లా పెట్టి మోచేతిలో మొహం దాచుకుంది.

ఒంటిగంటా ఇరవైకి పక్క బల్లావిడ భుజం తట్టి లేపింది. చెంప మీద బొత్తాం అచ్చు పడింది. ఫోను చూసుకుంది. శనివారం బస్సు సంగతి ఎవరో సరిచేశారు, తిట్లు ఇంకా నడుస్తున్నాయి.

వంతెన ఆగిపోయిందని మాత్రం ఒక్కరూ రాయలేదు. ఆవిడ ఇంకోసారి, కింద దాకా, వెతుక్కుంది.