ఏడో నంబరు నీలం అంగి

కొత్త ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది. మొన్న నాతో చదువుకున్న స్వప్న పెండ్లికి జడ్చర్ల పోయినప్పుడు, రంగూ ప్లాస్టిక్కూ కలిసిన ఆ ఘాటు ఫంక్షన్ హాలు గేటు దగ్గరే నా ముక్కుకు తగిలింది. పెండ్లికొడుకూ పెండ్లికూతురూ నవ్వుతున్న నిలువెత్తు బొమ్మను అప్పుడే తెచ్చి కట్టినట్టున్నారు, ఎండకు వేడెక్కి ఒకటే వాసన. అందరూ లోపలికి ఉరికి కూలర్ల ముందు కుర్చీలు పట్టుకుంటుంటే నేను మాత్రం దాని వెనక్కి పోయి ఆ తెల్లటి వీపును వేలితో తడిమాను. "గదేం పనే, లోపలికి నడు" అని అమ్మ కసిరింది. ఏం చెప్పను? ఒకప్పుడు ఆ తెల్ల వీపే మాకు నంబర్లు పెట్టింది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను మా ఊరి జిల్లా పరిషత్తు బళ్లో తొమ్మిదో తరగతి. ఆ బడికి ఆడపిల్లల ఫుట్‌బాల్ టీముండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. వానాకాలం వెళ్లిపోయి గట్ల మీద తంగేడు పసుపు ఆరబోసినట్టు పూసి, చేలల్లో పత్తి పగులుతూ, సీతాఫలాలు ఒక్కొక్కటే కండ్లు విప్పే రోజుల్లో, బడిగంట కొట్టకముందే మా పీఈటీ సారు విజిల్ ఊదేవాడు. జడలు పైకి మడిచి కట్టుకొని, ఉత్త కాళ్లతో ఆ ఎర్రమట్టిలో ఎగిరెగిరి ఆడి, మోకాళ్ల దాకా ఒకే రంగైపోయి క్లాసులో కూర్చునేవాళ్లం. కూర్చోవడమంటే నాకు శిక్షే. బల్ల కింద కూడా కాళ్లు ఊగుతూనే ఉండేవి. సందెల అరుగు మీద వక్కాకు సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్న అవ్వ నన్ను చూసి "నీ కాళ్లకేమన్న చక్రాలున్నయా, ఒక్క జాగల కూసోవేందే" అని రోజూ తిట్టేది. తిట్టి, బతుకమ్మకు దంచిన సత్తుపిండి ముద్ద చేతిలో పెట్టేది. అది తింటూ కూడా నేను గడపకూ వాకిలికీ మధ్య తిరుగుతూనే ఉండేదాన్ని.

ఆ ఏడాది జడ్చర్లలో పోటీలన్నారు. సారు ఎవరెవరినో బతిమాలి పదకొండు నీలం అంగీలు తెచ్చాడు. నంబర్లు మనమే వేసుకోవాలన్నాడు. "నంబరు జానెడుండాలె, అంగి రంగుల కలవొద్దు, ఆడ గట్టుమీద కూసున్నోనికి గూడ కనవడాలె. గది రూలు" అని మూడుసార్లు చెప్పాడు. సున్నంతో వేస్తే చెమటకు కారి వీపులన్నీ గోడల్లా అయ్యాయి. చాక్‌పీసు దులిపితే పోయింది. చివరికి బస్టాండు దగ్గర గాలికి తెగిపడిన పండుగ శుభాకాంక్షల ఫ్లెక్సీని స్వప్న ఈడ్చుకొచ్చింది. అవ్వ దాన్ని అరుగు మీద పరిచి, ముందువైపు దండాలు పెడుతున్న పెద్దమనిషిని బోర్లా వేసి, వెనక తెలుపు మీద బొగ్గుతో మేము గీసిన అంకెల్ని కత్తిరించి, దబ్బనంతో ఒక్కో అంగి వీపుకూ కుట్టింది. నాది ఏడు. దాని కొస ఒకటి ముడుచుకొని, వెనక దాక్కున్న ఆ పెద్దమనిషి మీసం బయటికి చూసేది. "నీ ఏడుకు మీసాలొచ్చినయే" అని అవ్వ పండ్లు లేని నోటితో పడీపడీ నవ్వింది.

నాకా ఏడో నంబరు ఊరికే కావాలనిపించలేదు. బాపు పట్నంలో సెంట్రింగు పనికి పోయి అప్పటికి చాలా నెలలైంది. నేనాడంగా ఒక్కసారీ చూడలేదు. పోటీల రోజునే ఆయన గుంపు ఇంకో పనికాడికి డీసీఎం లారీలో పోతూ జడ్చర్ల మీదుగా వస్తోంది, కాసేపు ఆపించుకుంటానని ఫోన్ చేశాడు. "గంతమంది పోరగాండ్లల్ల నిన్నెట్ల గుర్తువట్టాలె బిడ్డా? ఎదిగినవంట గద" అన్నాడు. "నీలం అంగి, ఏడో నంబరు" అన్నాను. మరిచిపోతాడేమోనని మళ్లీ అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ రాత్రి అంగిని తల కింద పెట్టుకొని పడుకున్నాను, ఆ ఫ్లెక్సీ వాసనకు తలనొప్పి వచ్చినా తీయలేదు.

తీరా ఆ పొద్దున మా గోల్‌కీపర్ రాలేదు. పత్తి ఏరడానికి తీసుకుపోయారట. అందరిలో పొడుగుదాన్నని సారు నన్ను గోల్లో నిలబెట్టాడు. అంతటితో పోయిందా? రెఫరీ వచ్చి మమ్మల్ని వరుసగా చూసి, "గోల్‌కీపర్‌ది వేరే రంగుండాలె. గిట్లయితె ఆట లేదు" అన్నాడు. సారు తన సంచిలోంచి ఎర్ర టీషర్టు తీసి నాకు తొడిగించి, మందుల డబ్బాలోని తెల్ల ప్లాస్టరు అంటించి వీపున ఒకటో నంబరు వేశాడు. ఆ అంగి నా మోకాళ్లు దాటింది. అంగి లేక పక్కన కూర్చున్న స్వప్నకు నా ఏడు తొడిగారు.

"సార్, ఏడు నాది. మా బాపు వస్తుండు" అన్నాను, ఏడుపు గొంతుతో.

"మీ బాపు నిన్ను జూస్తడా, నంబరును జూస్తడా? పో, నిలవడు" అన్నాడు సారు.

ఆట సగమయ్యాక బాపు వచ్చాడు. అవతలి గట్టున, తలకు తువాలు, ప్యాంటు నిండా సిమెంటు. వెనక రోడ్డు మీద డీసీఎం ఇంజను ఆపకుండానే నిలబడి ఉంది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకొని వెతికి వెతికి, దొరికినట్టు నవ్వి, "ఏడో నంబరూ, ఉరుకు బిడ్డా" అని కేక వేశాడు. పక్కవాళ్లకు స్వప్నను చూపించి ఏదో చెబుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు చేతులూ పైకెత్తి ఊపాను, ఎగిరాను, "బాపూ" అని అరిచాను. ఆ డీసీఎం మోత పక్కన ఆయనకేం వినబడుతుంది? ఒక్కసారి నా వైపు చూశాడు, చాలాసేపే చూశాడు. తరువాత మొహం తిప్పి మళ్లీ ఏడును వెతుక్కున్నాడు. గోలు వదిలిపెట్టి పోలేను, నిలబడలేను. రెండు వెదురు బొంగుల మధ్య అటూ ఇటూ తిరిగాను. బంతి కూడా నా దిక్కు రాలేదు పాడుగాను.

అప్పటిదాకా ఏ మ్యాచులోనూ సరిగ్గా తన్నని స్వప్న ఆరోజు పూనకం వచ్చినట్టు ఆడి గోలు కొట్టింది. బాపు తువాలు తీసి గాల్లో తిప్పాడు. డీసీఎం హారన్ మోగింది. వెనక్కి చూసుకుంటూ, చూసుకుంటూ పోయాడు.

ఆట అయ్యాక బజ్జీల బండి ఆమె ఒక సంచి తెచ్చి "ఏడో నంబరు పిల్లకియ్యమన్నడు" అని స్వప్న చేతిలో పెట్టింది. నిండా సీతాఫలాలు. స్వప్న దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టి, "మీ బాపు బిడ్డా అంటుంటె నా కాళ్లు ఆగలేదే" అంది. వాళ్ల నాయిన ఊళ్లోనే ఉండేవాడు, బడి గేటు దాకా కూడా ఎన్నడూ రాలేదు. అయినా నాకు కోపం తగ్గలేదు. ఆమెతో మాట్లాడకుండానే ఇద్దరం కూర్చొని పండ్లన్నీ తిన్నాం.

సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. "ఏం కొట్టినవ్ బిడ్డా" అన్న ఆ గొంతులో అంత సంబురం నేనెప్పుడూ వినలేదు. నేను కాదని చెప్పబోయి, చెప్పకుండానే ఫోన్ అమ్మ చేతికిచ్చేశాను. ఆ తరువాత ప్రతి పండుగకూ, ప్రతి చుట్టానికీ ఆ గోలు కథ చెప్పాడు. చెప్పినప్పుడల్లా నేను లేచి బయటికి పోయేదాన్ని.

మొన్న ఆ పెండ్లి హాల్లో, బాపు పెండ్లికొడుకు తండ్రిని పక్కన కూర్చోబెట్టుకొని మళ్లీ మొదలుపెట్టాడు. మేమాడిన జాగా అదే. గోలు బొంగులు పాతిన చోట ఇప్పుడు వంటల షెడ్డు. బళ్లో టీము లేదు, సారు బదిలీ అయిపోయాడు, అవ్వ లేదు, నీలం అంగీలు ఎవరింట్లో మసిగుడ్డలయ్యాయో. పట్టుచీరలో దండం పెట్టడానికి వచ్చిన స్వప్న కథ అయ్యేదాకా విని, మెల్లగా "కాకా, గా గోలు కొట్టింది నేను. ఏడు నాకు తొడిగిండ్రు ఆరోజు" అంది.

బాపు నా వైపు తిరిగి, "మరి నువ్వేడున్నవ్?" అన్నాడు.

"గోల్ల, బాపూ. ఎర్ర అంగి."

ఆయన చేతిలో సోడా సీసా అట్లాగే ఆగింది. "గా పిల్లను జూసిన నేను" అన్నాడు. "చేతులూపుతుండె. పాపం ఎవలి బిడ్డనో, దానికోసం ఎవ్వలూ రాలేదనుకున్న."

"నీకే ఊపిన" అన్నాను.

బాపు సీసా కింద పెట్టి, పక్క కుర్చీ మీది తువాలు తీశాడు. నేను పోయి ఆ కుర్చీలో కూర్చున్నాను.