తెర మీద వినబడని గొంతు

నిన్న మీరు ఫోనులో పంపిన పాత సినిమా ముక్క చూశాను పిల్లలూ. అందులో వదిన వేషం వేసినావిడ మా అమ్మకు చెల్లెలు, నాకు చిన్నమ్మ. ముఖం అచ్చం మనింటి ముఖమే, కానీ మీరు అంతగా మెచ్చుకున్న ఆ తియ్యటి గొంతు ఆమెది కాదు.

సినిమాలకు పోకముందు చిన్నమ్మ పద్యనాటకాలు ఆడేది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఎక్కడ నాటకం కట్టినా రాణి వేషం ఆమెదే. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరిచేవాళ్ళు, హార్మోనియం ఆయన మళ్ళీ శ్రుతి అందుకునేవాడు. ధర్మవరంలో ఒకసారి ప్రాణం విడిచి పడిపోయిన రాణిని కూడా లేపి మళ్ళీ పాడించారు. చూపు పోయిన మా అవ్వ హార్మోనియం పక్కనే కూర్చుని వినేది. ఆమెకు కూతురంటే ఆ గొంతే.

మద్రాసులో సినిమా తీసినవాళ్ళకు మాత్రం ఆ గొంతులోని సీమ యాస నచ్చలేదట. షూటింగులో మాటలన్నీ చిన్నమ్మే చెప్పినా, చివరకు వేరే ఆవిడ చేత చెప్పించారు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేక, సినిమా హిందూపురం వచ్చిననాడు చిన్నమ్మ తానే మద్రాసు నుంచి వచ్చి, ముసుగు కప్పుకుని, హాల్లో అవ్వ పక్కన కూర్చుంది. అవ్వకు ఇటువైపు నేను.

తెర మీద చిన్నమ్మ కనబడగానే ఈలలు మోగాయి. అవ్వ మాత్రం చెవి ముందుకు పెట్టి, "ఇంగా రాలేదా పాపా నువ్వు?" అని అడిగింది.

"వచ్చినా కదమ్మా. ఇప్పుడు మాట్లాడ్తాండేది నేనే."

"అది ఎవురో కోస్తా ఆయమ్మ. నా బిడ్డ గొంతు నాకు తెలీదా?"

చిన్నమ్మ అవ్వ చెవి దగ్గరకు వంగి, తెర మీద తన పెదవులు కదిలినప్పుడల్లా అవే మాటలు తన గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది. వెనక వరసలో ఒకాయన విసుక్కున్నాడు. "ఏమ్మా, సినిమా చూడనిస్తావా లేదా? అంత వస్తే నువ్వే పోయి యాక్టు చేయరాదా?"

ఆమె ఆపలేదు. ఏడుపు సీనులో చిన్నమ్మ గొంతు జీరపోయినప్పుడు అవ్వ తడుముకుంటూ ఆమె చెంప పట్టుకుని, "ఇప్పుడు కనిపిచ్చినావు పాపా," అంది.

ఆ తర్వాత చిన్నమ్మకు పెద్ద పేరే వచ్చింది, ఊరూరా సన్మానాలు జరిగాయి. ఏ సినిమాలోనూ ఆమె గొంతు మాత్రం లేదు. పద్యనాటకాలను రికార్డు చేసి దాచాలని ఆ రోజుల్లో మాకెవరికీ తోచలేదు. ఆమె పోయాక ఆ గొంతు విన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే పోయారు.

ఇప్పుడు సినిమాల్లో హీరోలే సీమ మాట మాట్లాడుతున్నారు, జనం చప్పట్లు కొడుతున్నారు. నాకూ సంతోషమే. కానీ టీవీలో ఆ యాస వినబడుతున్నప్పుడు, ఎందుకో, అక్కడ కూర్చోలేక లేచి వెళ్ళిపోతాను.