మాగాయ నూనెకు పడ్డ చేపలు

సౌదీలో మేముండే అల్ ఖోబర్‌లో, పిక్నిక్‌కి కారెక్కేటప్పుడే మా ఆయన నా దగ్గర మాట తీసుకున్నాడు. చెరువు దగ్గర గాలం ముట్టుకోకూడదు, చేపల గురించి నోరెత్తకూడదు. "నువ్వు మొదలుపెడితే ఆపవు. ఎలా తెలుసు, ఎవరు నేర్పారు అని అడుగుతారు," అన్నాడు.

అడిగితే చెప్పాల్సి వస్తుందని ఆయన భయం. మా రెండిళ్ళవాళ్ళూ కృష్ణలో చేపలు పట్టి బతికినవాళ్ళే. ఇంటర్ అయ్యేదాకా నా సెలవులన్నీ నాన్న పడవలోనే గడిచాయి. ఈయన ఇంజినీరై ఇక్కడికొచ్చిన కొత్తలో ఎవరో అడిగితే, వాళ్ళ నాన్నది బిజినెస్ అని చెప్పేశాడు. ఆ అబద్ధాన్ని కాపాడటానికి, తనకు చేపల వాసనే పడదని ఇంకొకటి. ఆరేళ్ళుగా విందుల్లో చేపల కూర గిన్నె వస్తే ముక్కు చిట్లిస్తాడు, ఇంటికొచ్చి నా చేత పులుసు పెట్టించుకుంటాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా మాటిచ్చాను, వస్తున్న నాలుగు కుటుంబాల్లో ఆయన పై అధికారి కుటుంబం కూడా ఉంది కాబట్టి.

అల్ అహ్సా ఖర్జూరపు తోటల అవతల, ఇసుక దిబ్బల మధ్య ఒక చెరువుంది. తోటల్లో పారిన నీళ్ళన్నీ చివరికి అక్కడికే చేరతాయి. రెండు రోజుల ముందు వాన పడింది. మేం దిగి చూసేసరికి నీళ్ళు చిక్కటి టీ రంగులో ఉన్నాయి. నా గుండె ఒక్క గంతు వేసింది.

మేమంతా సార్ అని పిలిచే ఆ పై అధికారి మాత్రం నిట్టూర్చారు. "అంతా బురద. ఇవాళ ఏం పడవు," అంటూనే పెట్టె తెరిచారు. అందులో తళతళలాడే ప్లాస్టిక్ చేపపిల్లలు. ఒకదాన్ని గాలానికి కట్టి చెరువు నడిమికి విసరడం, గిరగిరా చుట్టి లాక్కోవడం. పడకపోతే ఇంకో రంగుది కట్టడం. గంటన్నర గడిచింది. పిల్లలు, మా ఏడేళ్ళ పాపతో సహా, గట్టు మీద కూర్చుని ఇంటికి పోదామని గొడవ మొదలుపెట్టారు.

నా చేతులు ఊరుకోవడం లేదు. బురదనీళ్ళలో చేపకు కళ్ళు పనిచేయవు, ఎర ఎంత మెరిస్తే ఏం లాభం? అది వాసన పట్టి మెల్లగా వస్తుంది. అందాకా ఎర కదలకుండా ఉండాలి. పైగా నీళ్ళు అలా ఉన్నప్పుడు ఒడ్డున నిలబడ్డ మనిషి దానికి కనిపించడు. ధైర్యంగా రెల్లు మొదళ్ళ దాకా వచ్చేస్తుంది. సార్ నడిచెరువులో వెతుకుతున్న చేపలు ఆయన బూట్ల ముందే ఉన్నాయి! ఇది తెలిసి నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల అయ్యే పనేనా?

కాలేదు. ఖుబ్జ్ రొట్టె చింపి, అన్నంలోకి తెచ్చిన మాగాయ మీద తేలిన ఇంగువ నూనెలో పిసికి ముద్ద చేశాను. మా ఆయన గుడ్లురిమి చూశాడు. నేను చూడనట్టు లేచాను.

"సార్, ఆ రెండో గాలం ఓసారి ఇస్తారా?"

"తీసుకోమ్మా. కాసేపు ఆడుకో," అన్నారాయన.

ఆడుకోవడమట! ప్లాస్టిక్ బొమ్మ తీసేసి, ఆయన పెట్టెలోని చిన్న కొక్కెం, నీళ్ళ మీద తేలే బెండు కట్టి, కొక్కేనికి ముద్ద గుచ్చాను. బెండుకూ కొక్కేనికీ మధ్య మూరెడే ఉంచి, రెల్లు పక్కన మెల్లగా దించి వదిలాను. బెండు ఒకసారి వణికింది. ఆగింది. పక్కకు జరిగింది. మునిగింది.

ఎత్తాను. అరచేతంత జిలేబీ చేప, తోక కొట్టుకుంటూ పైకొచ్చింది. పిల్లలు ఒకటే కేకలు. మళ్ళీ ముద్ద, మళ్ళీ చేప. మూడు, నాలుగు, ఏడు. ఇచ్చిన మాటా, అబాయా అంచు బురదలో నానుతున్న సంగతీ ఏవీ గుర్తు లేవు. ఈ దేశం వచ్చాక అంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

ఎనిమిదోది పెద్దది. రెల్లులోకి దూరి, గాలం తీగను దుబ్బుకు చుట్టేసింది. ఇంకోసారి లాగితే తెగిపోతుంది.

"లాగకే. వదులివ్వు, నే పట్టుకుంటా." ఆ గొంతు మా ఆయనది.

ప్యాంటుతోనే మోకాలి లోతు బురదలోకి దిగాడు. నీళ్ళకేసి చూడనైనా చూడలేదు. ఎటో చూస్తూ తీగ వెంట వేళ్ళు జరుపుకుంటూ పోయి, దుబ్బు చుట్టూ రెండు చేతులూ మూసి, బొటనవేలు చేప నోట్లోకి తోసి దవడ పట్టి పైకి లేపాడు.

చేపల వాసన పడని మనిషి చేప పట్టే తీరు కాదది, ఎవరికైనా తెలుస్తుంది.

"భలే పట్టావయ్యా. ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు సార్.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇదంతా నా వల్లే. ఆయన ఇంకో అబద్ధం చెబుతాడు, నేనూ దానికి తలూపాలి అనుకున్నాను.

మా ఆయన చేతిలో చేపను చూశాడు. "మా నాన్న దగ్గర సార్," అన్నాడు. "మేం చేపలు పట్టేవాళ్ళం. ఆ పడవ సంపాదనతోనే మా నాన్న నన్ను చదివించాడు."

సార్ ఏదో అన్నారు, మంచి మాటే. నేను సరిగ్గా వినలేదు. మా పాప నీళ్ళ దాకా పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, మన తాతేనా?"

తాత ఏం పని చేసేవాడో ఆ పిల్లకు మేమెప్పుడూ చెప్పలేదు.

"మన తాతే," అన్నాడు. "ఇలా రా. నీ బొటనవేలు ఇక్కడ పెట్టు."